బైక్ టైరు పంచర్: అతుకు వేస్తే సరిపోతుందా, టైరు మార్చాలా?

ఇది ట్యూబ్‌లెస్ టైర్ల సంగతి.

గాలి మెల్లగా దిగుతోంది, మేకు కనబడటం లేదు

టైరు మీద చేయి వేయకముందు వాల్వ్ మూత తీసి ఒక చుక్క సబ్బు నీళ్లు వేయండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనీ ఎవరూ చేయరు, నేరుగా కొత్త టైరు రేటు అడుగుతారు. బుడగ వస్తే లోపలి పిన్ను బిగించండి, ఆగకపోతే మార్చండి. వాల్వ్ రబ్బరు కాడను కాస్త వంచి మొదట్లో కూడా సబ్బు నీళ్లు వేయండి. పగుళ్లుంటే వాల్వే మార్చాలి. టైరు తప్పేమీ లేదు.

మేకు దిగింది

రోడ్డుకు ఆనే గ్రిప్పు భాగంలో, 6 మిల్లీమీటర్లు మించని రంధ్రమైతే రిపేరు చేయొచ్చు. పక్క గోడకు గానీ, గ్రిప్పు అంచుకు గానీ దిగితే మార్చడమే. బయటి నుంచి రంధ్రంలోకి దూర్చే జిగురు రబ్బరు పట్టీ (స్ట్రిప్) ఇల్లు చేరడానికి మాత్రమే. నిలబడే రిపేరు టైరు విప్పి లోపలి నుంచి వేసే, పుట్టగొడుగులా కాడ ఉండే మష్రూమ్ ప్యాచే. గాడుల్లోని అరుగుదల గుర్తుల దాకా గ్రిప్పు అరిగితే ప్యాచ్ కూడా దండగ.

లీకు ఆగింది, కానీ బండి తేడాగా ఉంది

మలుపులో వెనక చక్రం జారుతున్నట్టు ఊగడం, పక్క గోడ మీద చిన్న ఉబ్బు. అందరూ అతుకు సరిగా పడలేదని తిడతారు. నేను చూసినంతలో చాలాసార్లు అతుకు బాగానే ఉంటుంది, చచ్చింది టైరు. గాలి లేకుండా ‘కొంచెం దూరమే కదా’ అని నడిపేసి ఉంటారు. అప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య పక్క గోడ మడతపడి నలుగుతుంది, వేడెక్కుతుంది, లోపలి రబ్బరు పొర రాలి బరువు మోసే దారాలు తెగుతాయి. మళ్లీ గాలి కొట్టగానే బయటికి కొత్తదానిలా నిలబడుతుంది, అదే మోసం. స్ట్రిప్ వేసేవారు టైరు విప్పరు కాబట్టి ఇది వాళ్ల కంటపడదు.

అందుకే గాలి లేకుండా నడిపిన టైరును విప్పించి లోపల చూడండి. నల్లటి రబ్బరు పొడి రాలుతోందా? పక్క గోడ లోపల చుట్టూ ముడతలో, గరుకు పట్టీయో ఉందా? వేలితో నొక్కితే ఒకచోట మెత్తగా ఉందా? ఒక్కటి కనబడినా పారేయండి, దానికి అతుకు లేదు. లోపల పంచర్లను మూసే సీలెంట్ ద్రవం పోసి ఉంటే ఈ పొడి అందులో కలిసిపోతుంది, శుభ్రంగా తుడిచాకే చూడాలి. బయట పక్క గోడ చుట్టూ ఒరుసుకున్న గీత ఉంటే విప్పకముందే అనుమానించొచ్చు.

అతుకు వేసిన చోటే మళ్లీ లీకు

రంధ్రంలో సన్నటి ఇనుప తీగ ముక్క మిగిలిపోయి ఉండొచ్చు. లోపల వేలితో కాదు, గుడ్డతో తడమండి, చిక్కుకుంటుంది.

రిమ్ము సొట్టలు, అల్లాయ్ చక్రాల పగుళ్లు పంచర్లంత తరచుగా రావు. పైవన్నీ చూశాక కూడా రిమ్ము అంచున బుడగలు వస్తేనే అటు వెళ్లండి.