గోదావరి జిల్లాల నుంచి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారా? అఫిలియేట్లను ఇలా పెట్టుకోండి

ఆత్రేయపురం పూతరేకులు, నరసాపురం లేసు, బండార్లంక చీరలు, కడియం మొక్కలు ఇన్‌స్టాలోనో సొంత వెబ్‌సైట్‌లోనో అమ్మేవాళ్లు ఇప్పుడు మన వైపు చాలామందే ఉన్నారు. ఎవరిని కదిపినా ఒకటే గోల. పండగ ముందు ఊపిరాడదు, పండగ వెళ్లిన వారానికి ఫోన్ మోగదు. పోనీ యాడ్స్ వేద్దామంటే ఆర్డర్ వచ్చినా రాకపోయినా క్లిక్కుకి మాత్రం డబ్బు కట్టాలి. అఫిలియేట్ పద్ధతిలో ఆ బాధ లేదు, సరుకు అమ్ముడైతేనే కమీషన్ ఇస్తాం. ఇదేం కొత్త విద్య కాదు, అంబాజీపేటలో కొబ్బరి దళారి చేసే పనే. కాకపోతే ఇక్కడ దళారి స్థానంలో ఒక యూట్యూబ్ ఛానలో, మీ పాత కస్టమరో ఉంటారు, వాళ్ల పేరు మీద ఒక లింకో కోడో ఇస్తాం.

అందరూ మొదట అడిగేది "ఎంత శాతం ఇవ్వాలి?" అని. పక్కవాళ్లు 15 ఇస్తున్నారని మీరూ 15 ఇవ్వకండి. ముందు కాగితం తీసుకుని లెక్క రాయండి. ఉదాహరణకి ఒక బాక్సు 500 రూపాయలకి అమ్ముతున్నారనుకుందాం. తయారీ 260, ప్యాకింగ్ 40, కొరియర్ 80, ఆన్‌లైన్ చెల్లింపులు చూసే పేమెంట్ గేట్‌వే వాళ్లకి ఓ 10. మిగిలేది 110. ఇప్పుడు కోడ్ వాడినవాళ్లకి 10 శాతం తగ్గింపు ఇచ్చారు, 50 పోయింది. మిగిలిన 450 మీద అఫిలియేట్‌కి 10 శాతం, అంటే 45. చేతిలో మిగిలింది 15 రూపాయలు. దారిలో ఒక్క బాక్సు ముక్కలై, కస్టమర్‌కి ఇంకోటి పంపాల్సి వస్తే ఇంకో పాతిక ఆర్డర్ల లాభం దానికే సరి.

అదే మూడు బాక్సులు ఒకే ఆర్డర్‌లో వెళ్తే కథ మారుతుంది, ఎందుకంటే కొరియర్ మూడింతలు అవదు. తయారీ 780, ప్యాకింగ్ 100, కొరియర్ 150, గేట్‌వే 30 వేసుకున్నా ఖర్చు 1,060. కస్టమర్‌కి 100 తగ్గించి 1,400 తీసుకుని, అందులో 140 కమీషన్ ఇచ్చినా 200 మిగులుతుంది. అందుకే నేనైతే కోడ్ వెయ్యి రూపాయలు దాటిన ఆర్డర్లకే పనిచేసేలా పెట్టమంటాను. మీ లెక్కలు వేరుగా ఉంటాయి, కానీ ఈ లెక్క వేయకుండా ఎవరికీ కోడ్ ఇవ్వకండి.

ఇక ఎవరిని పెట్టుకోవాలి? లక్ష మంది ఫాలోయర్లున్న రీల్స్ వాళ్ల వెనకాల పడటం నాకు నచ్చదు. ముందే డబ్బులడుగుతారు, వాళ్లని చూసేవాళ్లలో సగం మంది నవ్వుకోవడానికి వచ్చినవాళ్లే. మీ సరుకు కొని, తిని, కట్టుకుని, మళ్లీ అడిగినవాళ్లు ఓ పదిమంది దొరికితే అంతకంటే బాగా పనిచేస్తారు. పోయిన ఏడాది ఆర్డర్లు తిరగేయండి, రెండుసార్లకి మించి కొన్నవాళ్లెవరో చూడండి. హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపు నడిపే ఆవిడ, బెంగళూరులో తెలుగు అసోసియేషన్ పనులు చూసే ఆయన ఆ లిస్టులోనే ఉంటారు. చీరలైతే బ్లౌజులు కుట్టే బొటిక్ వాళ్లని అడగండి, లేసైతే ఇంటి అలంకరణ వీడియోలు చేసేవాళ్లని. మొక్కలకైతే మిద్దెతోట ఛానళ్లు, గ్రూపులు తెలుగులో బోలెడు. వాళ్లు చెబితే జనం నిజంగా కొంటారు, ఎందుకంటే ఆ మొక్క మూడు నెలల తర్వాత ఎలా ఉందో కూడా వాళ్లే చూపిస్తారు.

అడగడం కూడా మామూలుగా అడగండి. "అక్కా, సంక్రాంతికి మన దగ్గర మూడు బాక్సులు తీసుకున్నారు కదా, మీ గ్రూపులో ఎవరికైనా కావాలంటే మీ పేరు మీద ఒక కోడ్ ఇస్తాను, వాళ్లకి తగ్గింపు వస్తుంది, వెయ్యి దాటిన ప్రతి ఆర్డర్ మీద మీకు పది శాతం వస్తుంది, ఇష్టమైతేనే చేయండి" అంటే చాలు. పెద్ద పెద్ద ఇంగ్లీషు మెసేజీ పంపితే స్కామ్ అనుకుంటారు. కొత్తవాళ్లయితే ముందు సరుకు శాంపిల్ పంపి, నచ్చితేనే మాట్లాడండి.

లింకా, కోడా? రెండూ ఇవ్వండి కానీ నమ్మకం కోడ్ మీద పెట్టుకోండి. లింక్ నొక్కితే కస్టమర్ బ్రౌజర్‌లో కుకీ, అంటే ఎవరి లింక్ నుంచి వచ్చారో గుర్తుపెట్టుకునే చిన్న ఫైల్ పడుతుంది, అది ఉన్నన్ని రోజుల్లో కొంటే ఆ అమ్మకం ఆ అఫిలియేట్ ఖాతాలోకి వెళ్తుంది. చాలామంది 30 రోజులు పెడతారు. కానీ మన దగ్గర అమ్మకం అలా జరగదు కదండీ. కూతురు హైదరాబాద్‌లో వీడియో చూస్తుంది, లింక్ అమ్మకి వాట్సాప్ చేస్తుంది, అమ్మ భీమవరం నుంచి మీకు ఫోన్ చేసి "ఆ పూతరేకులు, బెల్లంవి రెండు, పంచదారవి ఒకటి" అంటుంది. ఇందులో కుకీ ఏం చేస్తుంది? ఐఫోన్‌లో సఫారీ అయితే కొన్ని రకాల కుకీలను ఏడు రోజులకే చెరిపేస్తుంది. కోడ్ అయితే ఫోన్లో కూడా చెప్పొచ్చు. "ఎవరి కోడ్ అండీ?" అని మీరే అడిగి రాసుకోవచ్చు. కోడ్ పొట్టిగా, ఇంగ్లీషులో ఒకే రకంగా రాసే పేరుతో పెట్టండి. లక్ష్మి లాంటి పేరైతే ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్ కొడతారు.

సైట్ వూకామర్స్‌లో ఉంటే అఫిలియేట్ డబ్ల్యూపీ, షాపిఫైలో ఉంటే గోఅఫ్‌ప్రో లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ లెక్కలు చూసుకుంటాయి. పదిమందే ఉన్నప్పుడు అవి కూడా అక్కర్లేదు, గూగుల్ షీట్ చాలు. తేదీ, ఆర్డర్ నంబర్, కోడ్, మొత్తం, డెలివరీ అయిందా లేదా, కమీషన్ ఎంత. ఈ షీట్‌లో ఎవరి వరుసలు వాళ్లకి ప్రతి వారం పంపుతుంటే అనుమానాలు రావు.

కమీషన్ ఆర్డర్ వచ్చిన రోజు లెక్కలోకి తీసుకోవద్దు, సరుకు చేరి రిటర్న్ గడువు దాటాకే తీసుకోండి. క్యాష్ ఆన్ డెలివరీలో పార్శిల్ తలుపు దాకా వెళ్లి వెనక్కి రావడం మామూలే, రానూ పోనూ కొరియర్ ఖర్చు మీ మీదే పడుతుంది, దాని మీద కమీషన్ కూడా ఇస్తే ఇంకేముంది. సొంత కోడ్‌తో సొంతానికి కొనుక్కుంటే కమీషన్ లేదని ముందే చెప్పండి. మీ షాపు పేరు మీదే గూగుల్ యాడ్ వేయకూడదని కూడా చెప్పాలి. ఎలాగూ మీ దగ్గరికి వచ్చే కస్టమర్‌ని మధ్యలో పట్టుకుని కమీషన్ అడిగేవాళ్లు ఉంటారు.

తర్వాతిది మన ఊళ్ల సరుకుకి ఉన్న అసలు ఇబ్బంది. పూతరేకు మెషిన్‌లో రాదు, కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి ఒక్కో రేకు తీయాలి. లేసు అల్లేది కూడా ఇళ్లలో ఆడవాళ్లే. ఒక పెద్ద ఛానల్ వీడియో పెట్టి రాత్రికి రాత్రి వంద ఆర్డర్లు వస్తే తీసేవాళ్లేరి? అందుకని అఫిలియేట్లందరికీ ఒకేసారి కోడ్లు ఇవ్వకండి, వారానికి ఇద్దరు చొప్పున మొదలుపెట్టండి, రోజుకి ఎన్ని బాక్సులు చేయగలరో వాళ్లకి చెప్పండి. సంక్రాంతి ముందు కోడ్లు ఆపేయడమే మేలని నా అభిప్రాయం, అప్పుడు కమీషన్ ఇవ్వకపోయినా సరుకు చాలదు. ఫిబ్రవరిలో, ఆషాఢంలో, గిరాకీ చప్పబడినప్పుడు కోడ్లు తెరవండి, కావాలంటే అప్పుడు రెండు శాతం ఎక్కువివ్వండి.

రూల్స్ సంగతి విసుగే కానీ చూసుకోవాలి. హైదరాబాద్ మనకి ఇప్పుడు వేరే రాష్ట్రం, వేరే రాష్ట్రానికి సరుకు పంపితే, ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా జీఎస్టీ నంబర్ అక్కర్లేదన్న పరిమితి వర్తించదు, చేతివృత్తుల సరుకు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప జీఎస్టీ నంబర్ ఉండాల్సిందే. మీ ఆడిటర్‌ని అడగండి. తినేవాటికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబర్ ప్యాకెట్ మీద ఉండాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కమీషన్ తీసుకుని చెప్పేవాళ్లు ఆ సంగతి చూసేవాళ్లకి స్పష్టంగా చెప్పాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారే 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అందుకే ఏం చెప్పకూడదో రాసివ్వండి. బెల్లం పూతరేకులు షుగర్ ఉన్నవాళ్లు హాయిగా తినొచ్చని ఉత్సాహంగా చెప్పేసేవాళ్లున్నారు! ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది నిజమే, కానీ మీరు అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోకుండా ఆ ముద్ర మీ సరుకు మీదో వీడియోలోనో వాడకూడదు. మీ అమ్మకాలు అంతకుముందు ఏడాది కోటి దాటి ఉంటే, ఒకరికి ఏడాదిలో ఇచ్చే కమీషన్ 20,000 దాటినప్పుడు 2 శాతం టీడీఎస్ (ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకోవాలి, కాబట్టి మొదట్లోనే పాన్ తీసుకోండి.

డబ్బు మాత్రం చెప్పిన తేదీకి వెళ్లిపోవాలి. ప్రతి నెల 5న అంటే 5నే, 90 రూపాయలైనా యూపీఐలో వేసి స్క్రీన్‌షాట్ పంపండి. "ఐదొందలు అయ్యాక ఇస్తాను" అంటే చిన్నవాళ్లు అక్కడే మానేస్తారు. మూడు నెలలైనా ఒక్క ఆర్డర్ తేని కోడ్‌ని ఆపేయండి, కానీ ఆపేముందు ఒకసారి ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు మీ కస్టమర్లు కూడా కదా, వచ్చే పండక్కి మళ్లీ కొనాల్సినవాళ్లు.