విచారణ ఖైదీల జాబితా లాకప్ లెక్కతో కలవడం లేదా?

జైల్లో సాయంత్రం ఖైదీలను గదుల్లో పెట్టి తాళం వేసేటప్పుడు తీసే లాకప్ లెక్క కంటే జాబితాలో ఎక్కువ మంది కనబడుతున్నారా? ముందు రెండు లెక్కలూ ఒకే రోజువా, ఒకే వేళవా చూడండి. ఇదొక్కటీ చూడకుండా సాఫ్ట్‌వేర్ మీద పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొద్దున అన్‌లాక్‌కీ సాయంత్రం లాకప్‌కీ మధ్య కొత్త రిమాండ్లు వస్తాయి, బెయిలు మీద కొందరు వెళ్లిపోతారు. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వార్షిక నివేదికతో పోలుస్తుంటే, అది డిసెంబరు 31 నాటి లెక్కని మరవకండి. 2022లో 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే అన్నది ఆ రోజు మాటే, ఏడాది మొత్తానిది కాదు.

తేదీ, వేళ కుదిరాక కూడా తేడా మిగిలిందా? అయితే ఒకే కేసు రెండు నంబర్లతో ఎక్కి ఉంటుంది. సెషన్స్ కోర్టు విచారించాల్సిన కేసుకు మేజిస్ట్రేట్ దగ్గర పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్డ్ కేస్) నంబరు ఉంటుంది, కమిట్ అయ్యాక, అంటే మేజిస్ట్రేట్ దాన్ని సెషన్స్ కోర్టుకు పంపాక, ఎస్‌సీ (సెషన్స్ కేస్) నంబరు వస్తుంది. పాత నంబరు మార్చాల్సింది పోయి కొత్త వరుస చేరుస్తారు. పాతది పెండింగ్‌లోనే ఉండిపోతుంది. పేరుతో వెతికితే దొరకదు: ఒకచోట 'శ్రీను', ఇంకోచోట ఇంటిపేరుతో సహా 'శ్రీనివాసరావు', తండ్రి పేరు గడి ఖాళీ.

ఒక్క అంకె పెరిగితే ఏం పోయిందిలే అనుకోకండి. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ శిక్షా పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల ఉంటే బెయిలుకు అర్హులు. ఆత్మహత్యకు ప్రేరేపించిన కేసులో గరిష్ఠం 10 ఏళ్లు, అంటే 3 ఏళ్ల 4 నెలలు. కానీ ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉంటే ఆ అవకాశం లేదు. మన శ్రీను మీద ఉన్నది ఒకటే కేసు. రెండు వరుసలు చూసి అతన్ని అర్హుల జాబితాలోంచి తీసేస్తారు. మన డేటా తప్పుకు ఒక మనిషి జైల్లో ఉండిపోతాడు.

కోర్టు నంబరు పక్కన పెట్టి పోలీస్ స్టేషన్, క్రైమ్ నంబరు (ఎఫ్‌ఐఆర్ నంబరు), సంవత్సరం కలిపి వెతకండి. కేసు మేజిస్ట్రేట్ కోర్టు నుంచి సెషన్స్‌కు వెళ్లినా అవి మారవు. కలిసిన వరుసల్ని ఒకటి చేసి, మొదటి రిమాండ్ తేదీనే ఉంచండి. కమిట్ అయిన తేదీ వేశారో, అతను లోపల గడిపిన నెలలు లెక్కలోంచి మాయమైపోతాయి. క్రైమ్ నంబర్లు వేరువేరైతే అది పీటీ వారెంట్ (జైల్లో ఉన్న ఖైదీని ఇంకో కేసులో హాజరుపరచమనే కోర్టు ఉత్తర్వు) మీద వచ్చిన నిజమైన రెండో కేసు. మనిషిని ఒక్కసారే లెక్కపెట్టి, కేసులు రెండూ ఉంచండి.

ఆస్పత్రిలో ఉన్నవాళ్లు, వేరే జైలుకు మారుతూ దారిలో ఉన్నవాళ్ల వల్ల వచ్చే తేడా అరుదు. ఒకసారి రిజిస్టర్ చూస్తే తేలిపోతుంది.

బెయిలు వచ్చినా ష్యూరిటీ లేక లోపలే ఉన్నవాళ్లకు మాత్రం బెయిలు తేదీతో విడిగా గడి పెట్టండి. 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ 7 రోజులు లెక్కపెట్టాల్సింది ఆ తేదీ నుంచే.