నగరంలో సైకిల్ దారి సాధించుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో సైకిల్ దారి అనగానే చాలామందికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల ట్రాక్ గుర్తుకొస్తుంది. వ్యాయామానికి వెళ్ళేవారికి అది చక్కని సౌకర్యమే. అయితే హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్ తగిలించుకుని జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామికవాడలకు వెళ్ళే కార్మికులకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులకు వెళ్ళేవారిలో సుమారు 13 శాతం మంది సైకిల్ మీదే ప్రయాణించేవారు. మన విన్నపం ముందుగా వారి కోసం ఉండాలని నా గట్టి అభిప్రాయం.

నగరమంతటా ట్రాకులు వేయమని కోరే వినతిపత్రానికి ఫలితం ఉండదు, ఎందుకంటే దానికి జవాబు చెప్పవలసిన అధికారి ఎవరో తేలదు. మెట్రో స్టేషన్‌నో, బడినో, పారిశ్రామికవాడనో కాలనీతో కలిపే రెండు మూడు కిలోమీటర్ల రోడ్డు ఒక్కటి ఎంచుకోండి. పని దినాన షిఫ్టులు మారే వేళకూ, బడి గంటకూ అక్కడ నిలబడి సైకిళ్ళను లెక్కపెట్టి, ఎక్కినవారు కార్మికులా, విద్యార్థులా, పాలు, పేపర్లు వేసేవారా అన్నది విడివిడిగా రాసుకోండి. మహిళలు ఎందరున్నారో తప్పక నమోదు చేయండి. వారి సంఖ్య మరీ తక్కువగా ఉంటే ఆ రోడ్డు ఎంత భయపెడుతోందో అధికారులకు చూపడానికి అదీ ఒక ఆధారమే.

తరువాత అదే రోడ్డు మీద నెమ్మదిగా సైకిల్ తొక్కుతూ ప్రతి ఇబ్బందినీ ఫొటో తీయండి. వాన నీటి కాలువ మీది ఇనుప జాలీ కమ్మీలు రోడ్డు పొడవునా సాగితే సన్నని టైరు వాటి మధ్య ఇరుక్కుంటుంది; కమ్మీలు అడ్డంగా ఉండేలా జాలీని తిప్పి బిగిస్తే ఆ ప్రమాదం తప్పుతుంది. తారు పొర మీద పొర వేయడంతో గుంతలో మిగిలిపోయిన మ్యాన్‌హోల్ మూతలు, వేగం తగ్గకుండానే వాహనాలు మలుపు తిరిగే ఫ్రీ లెఫ్ట్‌లు, ఎడమ అంచున నిలిపిన ఆటోలు, కార్లు, అన్నిటినీ దగ్గరి స్తంభం నంబరుతో సహా రాయండి. టేపుతో రోడ్డు వెడల్పు కొలవడం మరచిపోవద్దు, ఎందుకంటే స్థలం లేదన్న సమాధానమే మీకు అన్నిటికన్నా ముందు వినిపిస్తుంది.

ఇక ఆ రోడ్డు ఎవరి అధీనంలో ఉందో తెలుసుకోవాలి. నగరపాలక సంస్థ, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ), రోడ్లు భవనాల శాఖ, జాతీయ రహదారుల సంస్థ, వీటిలో ఏదైనా కావచ్చు. వార్డు ఇంజినీరు చెప్పలేకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేసి, ఆ రోడ్డుకు మంజూరైన పనుల అంచనాలు, నక్షాల ప్రతులు కూడా అడగండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు చేయవచ్చు.

అన్నిటికన్నా కీలకం సమయం. టెండరు పిలిచాక నక్షా మార్పించడం చాలా కష్టం. రోడ్డును తిరిగి వేయడానికో, కాలువ తవ్వడానికో అంచనాలు తయారవుతున్నప్పుడే సైకిల్ దారిని అందులో చేర్పించగలిగితే అదనపు ఖర్చు తక్కువే అవుతుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది గనుక బడ్జెట్ ప్రతిపాదనల కోసం దసరా నాటికే మీ పత్రం చేరేలా చూసుకోండి. అందులో పాదచారులకు, సైకిళ్ళకు ప్రాధాన్యమిచ్చిన 2006 జాతీయ పట్టణ రవాణా విధానాన్నీ, సైకిల్ ట్రాకుల కొలతలను నిర్దేశించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 11-2015 ప్రమాణాన్నీ ఉదహరించండి. రసీదు తీసుకోకుండా కార్యాలయం నుంచి కదలవద్దు.

దుకాణదారులను ముందే కలవడం మంచిది. ఎదుటి పార్కింగ్ పోతుందన్న వారి భయం సహజమైనదే కాబట్టి, సరుకు దించడానికి నిర్ణీత వేళలు మీరే ప్రతిపాదించండి. ట్రాఫిక్ పోలీసులను కూడా మొదటి నుంచీ చర్చల్లో కలుపుకోండి. దారి మంజూరైతే రంగు గీతతో సరిపెట్టుకోక, మోటారు వాహనాలు చొరబడకుండా అంచు దిమ్మెలు, కూడళ్ళలో సైకిళ్ళు దాటే చోటు, రాత్రి వెలుతురు అంచనాలోనే ఉన్నాయో లేదో చూసుకోండి. పని పూర్తయ్యాక అదే చోట, అదే వేళకు మళ్ళీ సైకిళ్ళు లెక్కపెట్టి ఆ వివరాలను ఇంజినీరుకూ కార్పొరేటరుకూ అందజేస్తే, పక్క రోడ్డు కోసం అడగడానికి అవే పనికొస్తాయి.