పచ్చగువ్వను చూడటం ఎలా? పాత వేటగాళ్ళ కిటుకులు

పావురం అనగానే గోపురాల మీద, అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో తిరిగే బూడిదరంగు పిట్టే గుర్తొస్తుంది. గోదావరి డెల్టాలో దానికి చెట్ల మీదే బతికే చుట్టం ఒకటుంది. పచ్చగువ్వ. కొందరు పచ్చ పావురం అంటారు. నేల మీదికి రావడం చాలా అరుదు, ఆకుల్లో కూర్చుందంటే ఆకే.

దీన్ని నాకు మొదట చూపించింది మా ఊరి తాత ఒకాయన. కుర్రతనంలో ఉండేలుతో పిట్టలు కొట్టేవాడట. ఇప్పుడా పని చేస్తే జైలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ గువ్వను కొట్టినా, పట్టినా, అమ్మినా నేరం. ఆ ఉండేలు ఎప్పుడో పోయింది గానీ, పిట్టను కనిపెట్టే విద్య తాత దగ్గర అలాగే ఉంది.

ముందు చెట్టును పట్టుకోండి

నేను చేసిన మొదటి తప్పు, పిట్ట కోసం వెతకడం. వారం రోజులు మెడలు పట్టేసేలా తిరిగినా ఈక కూడా కనిపించలేదు. తాత నవ్వి, "పిట్టనెందుకురా అబ్బాయ్ వెతుకుతావు? పండిన చెట్టేదో కనుక్కో. అదే వస్తాది" అన్నాడు. ఏ చెట్టండీ అంటే "రావి, మర్రి, జువ్వి, మేడి" అంటూ వేళ్ళు మడిచాడు.

కిటుకంతా ఇక్కడే ఉంది. ఊళ్ళో మామిళ్ళన్నీ వేసవిలోనే పండుతాయి. రావి, మర్రి అలా కాదు. మీ ఊరి రావి ఈ నెల పండితే, పక్క ఊరిది రెండు నెలలు పోయాక పండొచ్చు. కానీ ఒక చెట్టు పండటం మొదలైతే కాయలు ఇంచుమించు ఒకేసారి పండి, కొద్ది రోజుల్లో ఖాళీ అయిపోతాయి. అందుకే గువ్వల గుంపు చెట్టు మార్చి చెట్టు తిరుగుతూనే ఉంటుంది. పోయిన వారం ఇరవై కనిపించిన చోట ఈ వారం ఒక్కటీ ఉండదు.

కోనసీమలో ఈ వెతుకులాట నిజానికి తేలిక. కొబ్బరి తోటలో, వరి చేలో దీనికి తిండి లేదు. మిగిలేవి గుడి ఆవరణలు, చెరువు గట్లు, కాలవ గట్లు, శ్మశానాలు. పిట్టల కోసం చాలామంది కోరింగ మడ అడవులకు వెళ్తారు. ఈ గువ్వ కోసమైతే నేను మాత్రం ఊళ్ళ వైపే బండి తిప్పుతాను. కనిపించిన ప్రతి రావినీ, మర్రినీ ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. "పళ్ళు రాలుతున్నాయా అండీ?" అని గుడి దగ్గర ఊడ్చేవాళ్ళను అడగండి. ఆ చెత్త రోజూ ఎత్తేది వాళ్ళే కాబట్టి వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

చీకటితోనే చేరండి

తెల్లవారగానే గువ్వలు ఆకుల్లోంచి బయటికొచ్చి, ఎండు కొమ్మల చివర్లలోనో ఆకు రాల్చిన బూరుగు చెట్టు మీదో వరసగా కూర్చుని ఎండ కాచుకుంటాయి. హాయిగా కనిపించేది అప్పుడే. ఎండెక్కాక మళ్ళీ ఆకుల్లోకి దూరతాయి. సంక్రాంతి రోజుల్లో మంచు విడిచేదాకా వేచి ఉండాలి, తొందరపడితే పని కాదు. చెట్టుకు తూర్పున నిలబడండి, సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. ఎదురుగా ఉంటే అన్నీ నల్లబొమ్మలే.

బైనాక్యులర్ ఉంటే మంచిది, 8×42 రకం చాలు. తెల్లచొక్కా వద్దు.

వినండి

ఎండెక్కాక వెళ్తే చెవులే దిక్కు. దీని కూత ఇంటి పావురంలా గుటరుగూ కాదు. ఎవరో పని లేనివాడు తనలో తాను ఈల వేసుకుంటున్నట్టు, మెత్తగా ఎక్కుతూ దిగుతూ సాగుతుంది. ఇంకో గుర్తు, గాలి లేకపోయినా చెట్టు కింద పళ్ళు టపటపా రాలడం. అయితే గోరింకలు, కోయిలలు కూడా రాలుస్తాయి, కంసాలి పిట్ట కూడా వస్తుంది. కాబట్టి రాలుతున్న చోటికి తలెత్తి కొమ్మ కొమ్మా మెల్లగా చూడండి.

పచ్చగా కనిపించిందల్లా గువ్వ కాదు. చిలకకు పొడుగు తోక, ఊరంతా వినిపించే అరుపు. గువ్వది బొద్దు ఒళ్ళు, పొట్టి తోక. తల బూడిద రంగు, మెడ పచ్చపసుపు, భుజం దగ్గర చిన్న ఊదా మచ్చ. కాళ్ళు చూస్తే అనుమానం తీరిపోతుంది, పసుపు రాసుకున్నట్టు ఉంటాయి. ఎర్రగా ఉంటే అది వేరే రకం పచ్చగువ్వ.

నిలబడే తీరు

నేను మొదటిసారి చెట్టు కిందే బండి స్టాండ్ వేశాను. ఠంగుమంది. చెట్టంతా రెక్కల చప్పుడు, ఆ తర్వాత ఆకాశం ఖాళీ. తాత నన్ను తిట్టలేదు గానీ, బీడీ అయ్యేదాకా మాట్లాడలేదు.

దూరంగా దిగి నడవండి. చెట్టు వైపు తిన్నగా కాకుండా, పక్కనుంచి ఎటో పోతున్నట్టు, గేదెల వెనక నడిచేవాడిలా. పొలం పనికి వెళ్ళేవాణ్ణి గువ్వ పట్టించుకోదు, ఆగి తననే చూసేవాణ్ణి పట్టించుకుంటుంది. చెయ్యెత్తి చూపించకండి. అలికిడైతే ఇది ముందు ఎగరదు, బిగుసుకుపోతుంది. మీరూ అలాగే ఆగిపోతే కాసేపటికి మళ్ళీ మెడ కదుపుతుంది.

ఇది నేలను అస్సలు తాకదనీ, నీళ్ళకు దిగినా కాళ్ళలో పుల్ల పట్టుకుని దాని మీదే వాలుతుందనీ చెబుతుంటారు. తాత కూడా అదే అన్నాడు. కథ బాగుంది గానీ నిజం కాదు, అరుదుగానైనా దిగుతుంది. పావురాల జాతంతా నీళ్ళు తాగే తీరు మాత్రం చూసి తీరాలి. కోడిలా తలెత్తి మింగదు, గేదెలా ముక్కు ముంచి పీల్చేస్తుంది.

ఇంచుమించు మార్చి నుంచి జూన్ దాకా గూళ్ళ కాలం. గూడంటే నాలుగు పుల్లలే, కిందనుంచి రెండు తెల్ల గుడ్లు కనిపించేంత పల్చన. మీరు దగ్గరికెళ్తే తల్లి లేస్తుంది, గుడ్లు కాకి పాలు. దూరం నుంచే చూసి వచ్చేయండి, ఆ చోటు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

గుంపు లేచిపోయిందని వెంటనే బండి ఎక్కొద్దు. చెట్టు నిండా పళ్ళుంటే అరగంటలో ఒకటో రెండో తిరిగొస్తాయి. ఈలోపు వెళ్ళి టీ తాగి రండి, స్టాండ్ మాత్రం మెల్లగా వేయండి.