ఓపెన్ సోర్స్ ప్యాకేజీలో కాపీరైట్, లైసెన్స్ తేడాలు ఎలా పట్టుకోవాలి?

గిట్‌హబ్‌లో ప్రాజెక్ట్ పేజీ తెరవగానే పక్కన ఎంఐటీ (షరతులు చాలా తక్కువున్న లైసెన్స్) అని కనిపిస్తే చాలామంది ఇంకేం చూడరు, కానీ ఆ ముక్క వర్తించేది రాసినాయన సొంత కోడ్‌కి, ఆయన ఎక్కడెక్కడి నుంచో తెచ్చి లోపల పెట్టినవాటికి కాదు. డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లో కొత్త ప్యాకేజీ వస్తే ఎఫ్‌టీపీ మాస్టర్లు, అంటే దాన్ని లోపలికి రానిచ్చే ముందు పరిశీలించేవాళ్లు, చూసేది ఇదే, కాపీరైట్ ఫైల్ సరిగ్గా లేదని వెనక్కి కొట్టేయడం అక్కడ మామూలే. మనమూ అదే పద్ధతిలో వెళ్దాం.

ముందు రిలీజ్ టార్‌బాల్ (విడుదల చేసిన కోడ్ అంతా కట్టిన ఒక్క ఫైల్) దింపుకోండి. గిట్ రిపోలో లేని ఫైళ్లు కూడా అందులో ఉండొచ్చు, జనానికి చేరేది అదే కదా. విప్పాక లైసెన్స్‌చెక్ అనే టూల్‌ని రికర్సివ్, కాపీరైట్ ఆప్షన్లతో నడపండి, ఒక్కో ఫైల్ లైసెన్సు ఏంటో, హక్కుదారు ఎవరో వరసగా చూపిస్తుంది. 'అన్‌నోన్' అని వచ్చినవన్నీ చేత్తో తెరిచి చూడాల్సిందే. లైసెన్స్ ఎక్కడా రాయలేదంటే ఫ్రీ అని కాదు, రివర్స్‌లో అన్నమాట, మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కూడా నోటీసు లేకపోయినా హక్కులు రాసినవాళ్లవే.

అసలు పని బయటి కోడ్ పెట్టే వెండర్, థర్డ్ పార్టీ లాంటి ఫోల్డర్లలో ఉంటుంది. మినిఫై చేసిన (చదవడానికి వీల్లేకుండా కుదించిన) జావాస్క్రిప్ట్ ఉంటే దాని అసలు సోర్స్ ఎక్కడుందో వెతకండి, జీపీఎల్ (పంచితే సోర్స్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) కోడ్ అయితే ఆ సోర్స్ ఇవ్వకుండా పంచకూడదు. ఫాంట్లు కూడా అంతే: మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లో ఉన్నాయి, ఫ్రీగా పెట్టుకోవచ్చు, కాకపోతే లైసెన్స్ టెక్స్ట్ వెంట ఉండాలి, పేరు రిజర్వ్ చేసిన ఫాంట్ ఏదైనా మార్చితే పేరు కూడా మార్చాలి, ఇది మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఐకాన్ల దగ్గర క్రియేటివ్ కామన్స్ అని ఉంటే ఆగి చదవండి, 'నాన్ కమర్షియల్' అని ఉందంటే అది ఓపెన్ సోర్స్ కాదు. జేసన్ లైసెన్స్ అయితే మరీ విచిత్రం, మంచికే వాడాలి చెడుకి వాడకూడదు అంటుంది, వినడానికి బాగుంటుంది గానీ వాడకంపై షరతు షరతే, అందుకే అపాచీ ఫౌండేషన్ 2016లో తమ ప్రాజెక్టుల్లో వద్దంది.

ఇక విడివిడిగా బాగున్నవి కలిస్తే కుదురుతాయా అన్నది చూడాలి. జీపీఎల్ 2 మాత్రమే అన్న కోడ్‌తో అపాచీ 2.0 లైసెన్స్ కోడ్ కలవదు, '2 లేదా ఆ తర్వాతిది' అని ఉంటే జీపీఎల్ 3 కింద కలుస్తుంది, అందుకే ఫైల్ మొదట్లో ఉండే హెడర్‌లో ఆ చిన్న ముక్క ఉందో లేదో తప్పక చూడండి. పాత నాలుగు క్లాజుల బీఎస్‌డీ లైసెన్స్‌లో ప్రకటనల షరతు (ప్రకటనల్లో కోడ్ రాసినవాళ్ల పేరు చెప్పాలని) ఉండేది, దాన్ని కాలిఫోర్నియా యూనివర్సిటీ 1999లో తీసేసింది, కానీ తమ కోడ్ వరకే. వేరేవాళ్ల పేరుతో ఆ షరతు కనబడితే అది ఇంకా బతికున్నట్టే.

తేడా దొరికితే బగ్ రిపోర్ట్ పెట్టండి: ఏ ఫైల్, ఏ లైన్, ఏం రాసుంది, ఏం చేస్తే సరిపోతుంది, అంతే, ఇల్లీగల్ గిల్లీగల్ అని దబాయించొద్దు. లైసెన్స్ మార్చడం మెయింటెయినర్ ఒక్కడి చేతిలో ఉండకపోవచ్చు, కోడ్ రాసిన హక్కుదారులంతా ఒప్పుకోవాలి, వీఎల్‌సీ ప్లేయర్ వాళ్లు తమ లైబ్రరీని ఎల్‌జీపీఎల్‌కి (జీపీఎల్ కంటే సడలింపు ఉన్న లైసెన్స్) మార్చడానికి రాసినవాళ్లని వెతికి వెతికి అడిగారు. మామూలుగా ఆ ఫైల్ తీసేసి వేరేది పెట్టడమే తేలిక. వాళ్లు స్పందించేలోపు మీరు ప్యాకేజీ చేయాల్సొస్తే, ఆ ఫైల్ లేకుండా టార్‌బాల్ మళ్లీ కట్టి వెర్షన్ చివర 'ప్లస్ డీఎఫ్ఎస్‌జీ' (డెబియన్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ నియమాల పొట్టి పేరు) తగిలించండి, డెబియన్‌లో చేసేది అలాగే.