మట్టిని చేత్తో చదవడం – 4వ పాఠం: కొండ దిగువ ఎర్ర బంకనేల

కిందటి మూడు పాఠాల్లో ఇసుక, ఒండ్రు (సిల్ట్), బంక (క్లే) మూడింటినీ వేళ్ల మధ్య గుర్తుపట్టడం నేర్చుకున్నాం, గాజు సీసాలో మట్టీ నీళ్లూ పోసి గిలకొట్టి, పొరలుగా తేరనిచ్చి చూశాం, నల్లరేగడిని పిసికాం. ఈసారి ఎర్ర నేల. బెంగళూరులో ఉన్నవాళ్లకి దీనికోసం వెతకాల్సిన పనే లేదు. అపార్ట్‌మెంట్ పునాది తవ్విన ప్రతిచోటా గుట్టలుగా పోసి ఉంటుంది, దేవనహళ్ళి దాటి నంది హిల్స్ వైపు వెళ్తే రోడ్డు కోసం కోసిన గట్లలో పొరలు పొరలుగా కనిపిస్తుంది. అటు కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఫోల్సమ్, ఎల్ డొరాడో హిల్స్ వైపు ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు కూడా పెరడు తవ్వితే ఇదే రంగు మట్టి వస్తుంది. అది సియెర్రా నెవాడా కొండల దిగువ భాగం, ఓక్ చెట్ల అడవి. ఆ మట్టినీ మన మట్టినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పాఠం బాగా తలకెక్కుతుంది, ఎందుకంటే రంగు ఒకటే, గుణం మాత్రం వేరు.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఎరుపు చూసి నేలని తేల్చేయకండి. "ఎర్ర నేల కదా, సారం ఉండదు" అనేవాళ్లూ, "ఎర్రగా ఉంది, బంక బాగా ఉన్నట్టే" అనేవాళ్లూ ఇద్దరూ రంగుని అడగకూడని ప్రశ్న అడుగుతున్నారు.

రంగు చెప్పేది రాతిలోని ఇనుము కథ. రాయి శిథిలమయ్యేటప్పుడు ఇనుము బయటపడి తుప్పు పడుతుంది, వేడిగా పొడిగా ఉండే నెలల్లో ఆ తుప్పులోని నీరు పోయి హెమటైట్ అనే ఎర్రటి ఖనిజంగా మారుతుంది. ఇది చాలా కొద్దిగా ఉన్నా చాలు, రేణువులన్నిటికీ పూతలా పట్టేసి మొత్తం నేలకి రంగు ఎక్కిస్తుంది. కావాల్సింది ఒక తడి కాలం, ఒక ఎండు కాలం. మనకి వానలు ఎక్కువగా మే నుంచి అక్టోబరు దాకా, తర్వాత నేల ఎండుతుంది. అక్కడ దీనికి పూర్తిగా తలకిందులు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, ఎండాకాలమంతా చుక్క పడదు. రాళ్లు కూడా వేరు. మన కింద ఉన్నది నైస్ శిల, లాల్‌బాగ్‌లో అందరూ ఎక్కి కూర్చునే బండ అదే, దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. వాళ్ల కింద ఎక్కువచోట్ల ఉన్నది పాత లావా, ఒత్తిడికీ వేడికీ రూపం మారి పచ్చరాయిగా గట్టిపడింది. రాయి వేరు, వానల నెలలు వేరు, అయినా రంగు ఒకటే వచ్చింది.

రంగు ఇంకో విషయం కూడా చెప్తుంది, ఇది చాలా పనికొస్తుంది. గోతిలో కిందిదాకా ఒకే ఎరుపు ఉంటే అక్కడ నీరు నిలవట్లేదన్నమాట. ఎరుపు మధ్యలో బూడిద రంగు, పసుపు మచ్చలు కనిపిస్తే ఏడాదిలో కొన్నాళ్లు నీరు నిలిచి గాలి ఆడక ఇనుము కరిగి కదిలిపోతోందని అర్థం. అలాంటి చోట మామిడి పెట్టబోయేవాళ్లు ఇంకోసారి ఆలోచించాలి.

ఇక గొయ్యి తవ్వండి. రెండడుగులు తవ్వితే చాలు. ఒక పక్క గోడని కత్తితో నిలువుగా చెక్కి శుభ్రం చేయండి, పార దెబ్బకి నున్నగా అయిన మట్టి తీసేయకపోతే ఏదీ కనపడదు. మన వైపు సాధారణంగా పైన జానెడో అంతకంటే కొంచెం ఎక్కువో గరుకుగా, ఇసుక పాలు ఎక్కువగా ఉండి, కిందకి వెళ్లేకొద్దీ ఎరుపూ బంకా రెండూ పెరుగుతాయి. వేల ఏళ్లుగా వాన నీళ్లు పై పొరలోని సన్నని బంకని మోసుకుపోయి కింద దింపుతూ వచ్చాయి. దీనికి సాక్ష్యం మీ కళ్లతో మీరే చూడొచ్చు. కింది పొర నుంచి ఒక పెళ్ల తీసి, కోయకుండా, చేత్తో మెల్లగా విరవండి. అది తన సహజమైన పగులు దగ్గరే విడిపోతుంది. ఆ పగులు ముఖాన్ని ఎండకి వాల్చి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. నెయ్యి రాసినట్టు సన్నని మెరుపు పూత ఉంటుంది, వేరు దూరిన సన్న కంతల లోపలి గోడలకీ అదే పూత. అదే పెళ్లని అడ్డంగా పగలగొడితే లోపల మెరుపు ఉండదు, గరుకే. పైనుంచి దిగిన బంక ఆ పగుళ్ల వెంట పేరుకుంది కాబట్టి మెరుపు అక్కడే ఉంటుంది. ఈ తేడా ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు.

ఇప్పుడు అసలు పరీక్ష, రిబ్బన్. రెండో పాఠంలో చేసిందే. పిడికెడు మట్టి, రాళ్లు ఏరేసి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ గోధుమపిండిలా కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా బయటికి తోయాలి. విరిగిపోయేలోగా అంగుళం కూడా రాకపోతే బంక తక్కువ, అంగుళం నుంచి రెండు అంగుళాల దాకా వస్తే మధ్యరకం, రెండు దాటితే బంకనేల. నల్లరేగడితో ఇది వెంటనే వచ్చేసింది. ఎర్ర మట్టి దగ్గరే చాలామంది తప్పు లెక్క రాసుకుంటారు. ఇనుము బంక రేణువుల్ని జిగురులా అతికించి చిన్న చిన్న గుళికలు చేస్తుంది, మొదట పిసికినప్పుడు ఆ గుళికలు వేళ్లకి ఇసుకలాగా, ఒండ్రులాగా తగులుతాయి, దాంతో "ఇందులో బంక లేదు" అనుకుని వదిలేస్తారు. వదలకండి. ఓపిగ్గా అయిదు నిమిషాలు పిసకండి, ఎండుతోందనిపిస్తే ఇంకో నాలుగు చుక్కలు చల్లండి. గరుకు క్రమంగా తగ్గుతూ ముద్ద సాగడం మొదలవుతుంది, అంగుళం దగ్గర తెగిన పట్టీ ఇప్పుడు రెండు దాకా వస్తుంది. ఎంత పిసికినా పోని గరుకు ఉంటే అది నిజమైన ఇసుక, మన దగ్గర ఎక్కువగా తెల్లటి పలుగురాయి ముక్కలు. అందుకే ఎర్ర నేలకి రెండు కొలతలు రాసుకోవాలి, పిసికిన మొదటి నిమిషంలో ఎంత వచ్చింది, అయిదు నిమిషాల తర్వాత ఎంత వచ్చింది. రెండిటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే ఇనుము జిగురు అంత గట్టిగా పట్టి ఉందన్నమాట. సీసా పరీక్షకీ ఇదే చిక్కు, చెంచాడు డిటర్జెంట్ పౌడర్ వేసి బాగా గిలకొట్టకపోతే గుళికలు విడిపోక, ఒండ్రుతో పాటే కిందికి దిగి లెక్క తప్పిస్తాయి.

మరి సారం? ఇక్కడే మన మట్టికీ ఓక్ అడవి మట్టికీ దారులు వేరవుతాయి. మన ఎర్ర నేలల్లో బంక ఎక్కువగా కయోలినైట్ అనే రకం. అది నీళ్లకి పెద్దగా ఉబ్బదు, ఎండకి నల్లరేగడిలా బారెడు నెర్రెలు ఇవ్వదు, పోషకాల్ని పట్టుకునే శక్తి కూడా తక్కువే. అందుకే ఇక్కడ ఎరువు ఒకేసారి గుమ్మరిస్తే వానకి కొట్టుకుపోతుంది, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వేయాలి, పశువుల ఎరువో కంపోస్టో ఏటా కలపాలి. సియెర్రా దిగువన ఆబర్న్, ఆర్గొనాట్ అని పేర్లు పెట్టిన మట్టి రకాలు ఉన్నాయి, వాటిలోని బంకకి పోషకాలు నిలుపుకునే శక్తి చాలా ఎక్కువ. వాటి కష్టం వేరు. ఆబర్న్‌లో రెండడుగుల చుట్టుపక్కలే రాయి తగులుతుంది, ఆర్గొనాట్‌లో కింది బంక పొర నీళ్లని నెమ్మదిగా వదులుతుంది.

అక్కడివాళ్లు ఇంకొకటి గమనించాలి. బ్లూ ఓక్ చెట్టు నీడలో ఒక గొయ్యి, బయట గడ్డిలో ఒక గొయ్యి తీసి పోల్చండి. నీడలో పై పొర నల్లగా, గుల్లగా, తేలిగ్గా ఉంటుంది. ఏళ్ల తరబడి రాలిన ఆకు అక్కడే కుళ్లి నత్రజనినీ సేంద్రియ పదార్థాన్నీ పెంచింది. చెట్టు కొట్టేస్తే ఆ సారం క్రమంగా తగ్గిపోతుంది. ఆ నల్లమట్టి చూసి ముచ్చటపడి కరివేపాకూ వంకాయా చెట్టు కిందే పెట్టి ఎండాకాలమంతా డ్రిప్ వదలకండి, దయచేసి. ఎండాకాలం పొడిగా ఉండటానికి అలవాటుపడిన చెట్టు అది, వేసవి తడికి వేరుకుళ్లు పట్టి వందేళ్ల చెట్టైనా చచ్చిపోతుంది.

మన వైపు పెద్ద బాధ పైపొర గట్టిపడటం. విత్తనం వేశాక గట్టి వాన పడి వెంటనే ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది, మొలక దాన్ని పొడుచుకుని రాలేదు. ఆకో గడ్డో పరిచి ఉంచితే వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు, పెచ్చు కట్టడం చాలావరకు తగ్గుతుంది. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (వ్యవసాయ పరిశోధన సంస్థ) క్షేత్రంలో ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి, అటు వెళ్లే అవకాశం వస్తే తప్పకుండా రెండిటినీ చూడండి. ఇక దున్నడానికైనా తవ్వడానికైనా పదును, అంటే మట్టిలో సరిపడా తడి, చూసుకోవాల్సిందే. ఎండితే గడ్డపార కూడా దిగదు, మరీ తడిగా ఉన్నప్పుడు తొక్కితే కింద గట్టిపొర తయారవుతుంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి వైపు తెలుగు రైతులు దీన్ని చేత్తోనే చూస్తారు. మట్టి ముద్ద చేసి నడుం ఎత్తు నుంచి వదిలితే పొడిపొడిగా చెదరాలి, చెదరకుండా చదునుగా అతుక్కుంటే ఇంకా ఆగాలి.

వచ్చే వారానికి పని: పైన జానెడు లోతు నుంచి ఒకటి, రెండడుగుల నుంచి ఒకటి, రెండు పెళ్లలు తీసి కాగితం సంచుల్లో నీడన ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, బూజు పడుతుంది. సంచి మీద చోటు, లోతు, రిబ్బన్ రెండు కొలతలూ రాయండి. జానెడు పొడవు పీవీసీ పైపు ముక్క ఒకటి, రెండు లీటర్ల నీళ్లు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ సిద్ధం చేసుకోండి. 5వ పాఠంలో ఈ నేలలోకి గంటకి ఎన్ని నీళ్లు ఇంకుతాయో కొలుస్తాం.