వానలో బెజవాడ స్టేషన్లో ఇరుక్కుపోతే ఏం చేయాలి? ముందు టికెట్టు, తర్వాతే పునుగులు

హైదరాబాద్, చెన్నై, వైజాగ్, గుంటూరు లైన్లన్నీ బెజవాడలోనే కలుస్తాయి కదా, అందుకే ఎక్కడో వాన పడినా ఇరుక్కునేది మాత్రం ఇక్కడే. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి ఇక్కడి సింగ్ నగర్ మునిగినప్పుడు, అటు తెలంగాణలో కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి ట్రైన్లు వరసగా క్యాన్సిల్ అయ్యాయి. అంత పెద్దది అక్కర్లేదు లెండి, మామూలు ముసురుకే ఇక్కడ మారి ఎక్కాల్సిన రెండో ట్రైన్ మిస్సయినవాణ్ణి నేను.

దిగగానే ఆకలేసినా సరే, ముందు టికెట్ సంగతి చూడండి. మీరు ఎక్కాల్సిన బండి 3 గంటలు దాటి లేటయ్యి, ఇక వద్దులే అనుకుంటే, అది కదిలేలోపే ఫోన్లో టీడీఆర్ (టికెట్ డబ్బులు వెనక్కి ఇమ్మని అడిగే అర్జీ) పెట్టాలి, అప్పుడే పూర్తి డబ్బులొస్తాయి. మొదటి బండి లేటవడం వల్ల రెండోది పోయిందా, ముందే రెండు టికెట్ల పీఎన్ఆర్ నంబర్లు లింక్ చేసి ఉంటే, మొదటిది వచ్చిన 3 గంటల్లోపు రెండోదాని డబ్బులు అడగొచ్చు. నేను లింక్ చేయలేదు. డబ్బులు గోవిందా.

తర్వాత బ్యాగు. క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు, టికెట్ కూడా చూపించాలి. గుంటూరు వాళ్ళయితే ట్రైన్ కోసం కూర్చోవడం దండగ, ఆటో మాట్లాడుకుని నెహ్రూ బస్టాండుకి పోండి, దగ్గరే, బస్సెక్కితే 30 చిల్లర కిలోమీటర్లు.

ఇక తిండి. బండి రావడానికి కనీసం గంటన్నర ఉంటేనే బయటికెళ్ళండి, అలారం పెట్టుకోండి, ఎందుకంటే 10 ప్లాట్‌ఫారాల స్టేషన్ ఇది, చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చారంటే బ్యాగుతో మెట్లెక్కి దిగేసరికి ప్రాణం పోతుంది. గాంధీనగర్ వైపు వెళ్తే చాలు, వానలో అంతకంటే దూరం వద్దు, రైలు కట్టల కింద దారుల్లో నీళ్ళు నిలిస్తే ఆటో అక్కడే ఆగిపోద్ది.

సాయంత్రమైతే బజ్జీల బండి దగ్గర నిలబడండి. పునుగులు గంపలో పోసి ఉన్నవి తీసుకోవద్దు, మొహమాటం లేకుండా "అన్నా, ఇప్పుడు వేసే వాయిలోవి ఇవ్వు" అని అడగండి, రెండు నిమిషాలు ఆగినా పర్లేదు, పులిసిన పిండి కాబట్టి వేడిగా ఉన్నంతసేపే పైన కరకర, లోపల దూది, చల్లారితే రబ్బరే. అల్లం చట్నీ ఎక్కువ వేయించుకోండి, తడిసిన ఒంటికి గొంతులో ఆ మంట దిగుతుంటే ఉంటుంది చూడండి, దాని ముందు ఏ కాఫీ పనికిరాదు (మా ఆవిడ ఒప్పుకోదు, ఆమెది టీ పార్టీ). పొద్దున్నే అయితే ఇడ్లీ మీద వెన్న, పక్కన కారప్పొడి. ఈ ఊళ్ళో వెన్న ఇడ్లీకి పేరు తెచ్చింది బాబాయ్ హోటల్, కానీ టైమ్ లేకపోతే పేరు కోసం పరిగెత్తకండి, పొగలొచ్చే ఇడ్లీ ఎక్కడుంటే అక్కడ కూర్చోండి.

పార్సిల్ కట్టిస్తే మాత్రం చట్నీకి రెండు కవర్లు వేయమనండి, అది బ్యాగులో కాదు, చేతిలో పట్టుకోండి. మా అక్క పట్టుచీర మీద అల్లం చట్నీ మరక ఇంకా పోలేదు, పండగకి వెళ్ళినప్పుడల్లా తీసి చూపిస్తది.